పెరిగిన చోటి వేడి బాక్టీరియా బయటి పొరను ఎలా మారుస్తుంది?

ప్లేగు వ్యాధికి కారణమైన యెర్సీనియా పెస్టిస్ అనే బాక్టీరియాను 21 డిగ్రీల సెల్సియస్ దగ్గర పెంచి, దాని బయటి పొరలోని ఒక కొవ్వు పదార్థాన్ని మనిషి రోగనిరోధక కణాలకు చూపిస్తే అవి గట్టిగా స్పందిస్తాయి. అదే బాక్టీరియాను 37 డిగ్రీల దగ్గర పెంచి, అదే పదార్థాన్ని అదే మోతాదులో ఇస్తే ఆ స్పందన చాలావరకు అణగిపోతుంది. జన్యువుల్లో తేడా లేదు. తేడా అంతా అది పెరిగిన చోటి వేడిలోనే ఉంది.

దీనికి సాధారణంగా రెండు వివరణలు వినిపిస్తాయి. చలిలో గడ్డకట్టకుండా, వేడిలో మరీ పలచబడకుండా పొరను సరిచూసుకోవడానికే బాక్టీరియా ఈ మార్పు చేస్తుందన్నది మొదటిది. వెచ్చని శరీరంలోకి ప్రవేశించాక రోగనిరోధక వ్యవస్థ కన్నుగప్పడానికి వేషం మారుస్తుందన్నది రెండోది. రెండింటికీ ఆధారాలున్నాయి. చిక్కల్లా ఎక్కడ వస్తుందంటే, ఒక బాక్టీరియా విషయంలో రుజువైన వివరణను తీసుకుపోయి వేరొకదానికి అతికించడంలో. ఈ రెంటినీ విడదీసి చూడాలంటే ముందు ఆ పొర నిర్మాణం తెలియాలి.

రెండు ముఖాలు ఒకేలా లేని పొర

1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ కనిపెట్టిన రంగు పరీక్ష బాక్టీరియాను రెండు పెద్ద వర్గాలుగా విడగొట్టింది. ఊదా రంగును నిలుపుకునేవి గ్రామ్ పాజిటివ్, వదిలేసేవి గ్రామ్ నెగటివ్. ఈ రెండో వర్గంలోని చాలా బాక్టీరియాకు లోపల ఒకటి, బయట ఒకటి, మొత్తం రెండు కొవ్వు పొరలు ఉంటాయి. మన వ్యాసమంతా ఆ బయటి పొర గురించే.

ఏ కొవ్వు పొరకైనా రెండు ముఖాలుంటాయి. లోపలి పొరలో ఆ రెండు ముఖాలూ ఫాస్ఫోలిపిడ్లతోనే, అంటే ఫాస్ఫేట్ ఉన్న కొవ్వు అణువులతోనే తయారవుతాయి. బయటి పొర అలా కాదు. దాని లోపలి ముఖం ఫాస్ఫోలిపిడ్లది, బయటి ముఖం లైపోపాలీశాకరైడ్ అనే వేరే రకం అణువులది. ఈ పేరు పొడుగు కాబట్టి శాస్త్రవేత్తలు ఎల్‌పీఎస్ అని కుదించుకున్నారు. మనమూ అలాగే అందాం.

ఎల్‌పీఎస్‌లో మూడు భాగాలు. పొరలో పాతుకుని ఉండే కొవ్వు భాగం లిపిడ్ ఎ. దానిపై చక్కెర అణువులతో కట్టిన ఒక నడుమ భాగం. ఆపైన కొన్ని బాక్టీరియాల్లో ఓ-యాంటిజెన్ అనే పొడవాటి చక్కెర తోక. లిపిడ్ ఎ అంటే రెండు గ్లూకోసమైన్ చక్కెరలు, వాటికి ఫాస్ఫేట్లు, వాటి నుంచి వేలాడే కొవ్వు ఆమ్ల గొలుసులు. పేగుల్లో ఉండే ఈ. కోలై అనే గ్రామ్ నెగటివ్ బాక్టీరియాలో ఈ గొలుసులు ఆరు. పక్కపక్కనే ఉన్న ఎల్‌పీఎస్ అణువుల ఫాస్ఫేట్లకు రుణావేశం ఉంటుంది కనుక అవి ఒకదాన్నొకటి తోసేసుకోవాలి. వాటి మధ్య మెగ్నీషియం, కాల్షియం అయాన్లు చేరి కలిపి పట్టుకుంటాయి. ఆరు గొలుసుల కూర్పూ ఈ అయాన్ల పట్టూ కలిసి బయటి ముఖాన్ని బిగువైన గోడగా మారుస్తాయి. అనేక యాంటీబయాటిక్‌లు గ్రామ్ నెగటివ్ బాక్టీరియాలోకి సులువుగా దూరలేకపోవడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

మన శరీరానికి హాని చేసే ఎండోటాక్సిన్ కూడా ఈ లిపిడ్ ఎ భాగమే. కణంతో అంటిపెట్టుకుని ఉండి, వేడికి చెక్కుచెదరని ఇలాంటి విషం ఒకటుందని 1892లో రిచర్డ్ ఫైఫర్ గుర్తించారు. ఇక్కడొక అపార్థం తరచూ దొర్లుతుంది. వేడికి ఎండోటాక్సిన్ చెడదన్నది తయారైపోయిన అణువు సంగతి. బాక్టీరియాను చంపే 121 డిగ్రీల ఆవిరి దాన్ని పూర్తిగా నాశనం చేయదు. గాజు సామగ్రి మీద నుంచి దాన్ని తొలగించడానికి 250 డిగ్రీల పొడి వేడిలో అరగంట ఉంచుతారు. ఈ వ్యాసం విషయం అది కాదు. బాక్టీరియా ఎంత వేడిలో పెరుగుతోంది అన్నదాన్ని బట్టి అది అసలు ఏ అణువును తయారు చేస్తుంది అన్నది మన ప్రశ్న.

చలికి గట్టిపడే గొలుసులు, అడ్డుపడే వంపులు

కొవ్వు ఆమ్లాల గొలుసులు రెండు రకాలు. సంతృప్త గొలుసు నిటారుగా ఉంటుంది. అసంతృప్త గొలుసులో ఒక చోట జంట బంధం ఉండి, బాక్టీరియాలో సాధారణంగా కనిపించే రూపంలో అక్కడ వంపు తిరుగుతుంది. తిన్నని కర్రలను కట్టకడితే సందు లేకుండా అమరుతాయి, వంకర కర్రలను కడితే కట్ట వదులుగా ఉంటుంది. గొలుసుల సంగతీ అంతే. 16 కార్బన్ల సంతృప్త పామిటిక్ ఆమ్లం సుమారు 63 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అంతకంటే రెండు కార్బన్లు ఎక్కువే ఉన్నా, ఒక వంపు ఉన్న సిస్-వాక్సినిక్ ఆమ్లం సుమారు 15 డిగ్రీలకే కరుగుతుంది. ఒక్క వంపు దాదాపు 50 డిగ్రీల తేడా తెచ్చిపెట్టింది.

ఉష్ణోగ్రత తగ్గేకొద్దీ ఈ. కోలైలో పామిటిక్ ఆమ్లం తగ్గి అసంతృప్త ఆమ్లాలు పెరుగుతాయని 1962లో మార్, ఇంగ్రహామ్ కొలిచి చూపించారు. 1974లో సినెన్‌స్కీ మరో అడుగు ముందుకు వేశారు. 15 నుంచి 43 డిగ్రీల వరకు వేర్వేరు వేడిలో పెరిగిన ఈ. కోలై కొవ్వుల చిక్కదనాన్ని, అవి పెరిగిన ఉష్ణోగ్రత దగ్గరే కొలిస్తే, అది దాదాపు ఒకేలా ఉందని తేల్చారు. చలిలో పెరిగినది చలిలోనూ, వేడిలో పెరిగినది వేడిలోనూ ఒకే చిక్కదనం. పొర చిక్కదనాన్ని స్థిరంగా ఉంచుకునే ఈ సర్దుబాటు సూత్రం అప్పటి నుంచి పాఠ్యపుస్తకాల్లో స్థిరపడింది.

ఈ సర్దుబాటు జరిగే తీరులో నాకు అన్నిటికంటే నచ్చేది దాని నిరాడంబరత. చలి వేసిందని జన్యువులకు కబురు వెళ్లి, కొత్త ఎంజైములు తయారై, అవి పని మొదలుపెట్టాలని మనం ఊహిస్తాం. ఈ. కోలైలో అంత తతంగం లేదు. ఫ్యాబ్-ఎఫ్ అనే ఎంజైము కణంలో ఎప్పుడూ ఉంటుంది. 16 కార్బన్ల అసంతృప్త గొలుసును 18 కార్బన్ల సిస్-వాక్సినిక్ గొలుసుగా పొడిగించడం దాని పని. చల్లబడినప్పుడు మిగతా ఎంజైములతో పోలిస్తే దీని చురుకు పైచేయి అవుతుంది, వేడెక్కితే వెనకబడుతుంది. కొత్త ప్రొటీన్ల తయారీని ఆపేసిన కణాల్లో కూడా ఈ మార్పు జరుగుతుందని గార్విన్, క్రోనన్ 1980లో చూపించారు. ఉష్ణమాపకమూ అదే, పనివాడూ అదే.

అయితే ఈ కథంతా ప్రధానంగా ఫాస్ఫోలిపిడ్లది. అంటే లోపలి పొరదీ, బయటి పొర లోపలి ముఖానిదీ. బయటి ముఖంలోని ఎల్‌పీఎస్‌కు ఇదే సూత్రం వర్తిస్తుందా?

ఒక గొలుసు స్థానంలో మరొకటి: ఈ. కోలై లెక్క

వర్తిస్తుంది, కాకపోతే వేరే దారిలో. లిపిడ్ ఎ తయారీలో ముందుగా నాలుగు గొలుసులున్న అణువు సిద్ధమవుతుంది. చివరి దశలో ఇంకో రెండు గొలుసులు చేరతాయి. 37 డిగ్రీల దగ్గర ఐదో గొలుసును ఎల్‌పీఎక్స్-ఎల్ అనే ఎంజైము చేరుస్తుంది. అది 12 కార్బన్ల సంతృప్త లారిక్ గొలుసు. ఆరోదాన్ని ఎల్‌పీఎక్స్-ఎం చేరుస్తుంది. అది 14 కార్బన్ల మిరిస్టిక్ గొలుసు. 12 డిగ్రీలకు చల్లబరిస్తే ఎల్‌పీఎక్స్-పి అనే మూడో ఎంజైము రంగంలోకి దిగుతుంది. ఇది మామూలు వేడిలో కనిపించదు, చలికే తయారవుతుంది. లారిక్ గొలుసు ఉండాల్సిన చోట ఇది 16 కార్బన్ల, ఒక వంపున్న పామిటోలీక్ గొలుసును పెడుతుంది. లారిక్ ఆమ్లం 44 డిగ్రీల దగ్గర కరుగుతుంది, పామిటోలీక్ ఆమ్లం సున్నాకు అటూ ఇటూగా.

ఈ మార్పును శాస్త్రవేత్తలు అణువును తూచి కనిపెడతారు. ఆ తూకం లెక్క కాగితం మీద మనమూ వేసుకోవచ్చు. నాలుగు గొలుసుల అణువు బరువు సుమారు 1406 డాల్టన్లు (ఒక హైడ్రోజన్ పరమాణువు బరువు సుమారు ఒక డాల్టన్). లారిక్ గొలుసు చేరితే 182, మిరిస్టిక్ చేరితే 210, పామిటోలీక్ చేరితే 236 పెరుగుతుంది. కాబట్టి 37 డిగ్రీల ఈ. కోలై లిపిడ్ ఎ బరువు 1406, 182, 210 కలిపి 1798. చలిలో లారిక్ బదులు పామిటోలీక్ వస్తే 1852. పరికరంలో 1798 దగ్గర ఉండే గీత పక్కన 54 డాల్టన్ల దూరంలో కొత్త గీత లేచిందంటే చలి ఎంజైము పనిచేసిందని అర్థం. 12 డిగ్రీల దగ్గర కూడా పాత గీత పూర్తిగా మాయం కాదు, రెండూ కలిసే ఉంటాయి.

ఎల్‌పీఎక్స్-పి జన్యువును తొలగించిన ఈ. కోలై 12 డిగ్రీల దగ్గర పెరగగలదు, కానీ రిఫాంపిసిన్, వాంకోమైసిన్ వంటి మందులకు తేలిగ్గా లొంగుతుంది. అంటే ఆ వంపు గొలుసు చలిలో గోడ బిగువును కాపాడుతోందన్నమాట. వంపు ఉంటే వదులవుతుందన్నాం కదా, మళ్లీ బిగువేమిటి అన్న సందేహం సహజం. పొర కొంత గడ్డకట్టి కొంత కరిగి ఉన్నప్పుడు ఆ రెండు ప్రాంతాల అంచుల వద్ద చీలికలు పడతాయి, మందులు అక్కడి నుంచి దూరతాయి. సమంగా కదిలే పొర అతుకుల్లేని పొర.

వేడి వైపు కథ ఇంకా వింతగా దొరికింది. 33 డిగ్రీలు దాటితే పోషకాలు దండిగా ఉన్న ద్రావణంలో పెరగలేని ఈ. కోలై రకాలను పరిశోధకులు కనిపెట్టి, అందుకు కారణమైన జన్యువుకు హెచ్‌టీఆర్-బి అని పేరుపెట్టారు. అధిక ఉష్ణోగ్రతకు అవసరమైనది అన్న అర్థంలో పెట్టిన పేరది. అది ఏం చేస్తుందో అప్పటికి తెలియదు. తర్వాత తేలింది, అది ఎల్‌పీఎక్స్-ఎల్ జన్యువేనని. ఆ పాత పేరును ఈ సంగతితో కలిపి చదివితే, ఐదో గొలుసు లేకుండా ఈ. కోలై వేడిలో వేగంగా పెరగలేదని అర్థమవుతుంది. పోషకాలు తక్కువైన ద్రావణంలో నెమ్మదిగా పెరిగేటప్పుడు అదే లోపాన్ని అది తట్టుకుంటుంది. కనుక సమస్య గోడ బలహీనత ఒక్కటే కాదు. తక్కువ గొలుసులున్న అణువును లోపలి పొర దాటించి బయటికి చేర్చే రవాణా యంత్రాంగం, పెరుగుదల వేగాన్ని అందుకోలేకపోవడం కూడా.

ప్లేగు బాక్టీరియా: వేడెక్కితే గొలుసులు తగ్గిపోతాయి

ఇప్పుడు మొదట చెప్పిన ప్లేగు బాక్టీరియా దగ్గరికి వద్దాం. దీనికి ఎల్‌పీఎక్స్-ఎల్ లేదు. ఎల్‌పీఎక్స్-ఎం, ఎల్‌పీఎక్స్-పి ఉన్నాయి. ఎలుకల ఒంటిమీద ఉండి రక్తం పీల్చే ఫ్లీ అనే రెక్కల్లేని చిన్న కీటకం దీనికి వాహకం. ఆ కీటకం ఒంటి వేడి పరిసరాల వేడే. అలాంటి 21 డిగ్రీల స్థితిలో రెండు ఎంజైములూ పనిచేసి ఆరు గొలుసుల లిపిడ్ ఎ తయారవుతుంది. ఈ బాక్టీరియాలో ఎల్‌పీఎక్స్-ఎం చేర్చేది మిరిస్టిక్ కాదు, లారిక్ గొలుసు. కనుక లెక్క ప్రకారం 1406కు 182, 236 కలిపితే 1824. 37 డిగ్రీల దగ్గర ఈ రెండు చేర్పులూ దాదాపు ఆగిపోతాయి. మిగిలేది నాలుగు గొలుసుల అణువు, 1406 దగ్గర గీత.

మన కణాల మీద టీఎల్‌ఆర్-4 అనే గ్రాహకం ఉంటుంది. ఎల్‌పీఎస్‌ను పసిగట్టేది అదేనని 1998లో బ్రూస్ బ్యూట్లర్ బృందం చూపించింది. ఆ కృషికి ఆయనకు 2011లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ఈ గ్రాహకం తోడు ప్రొటీనులో ఒక గుంత ఉంది. ఆరు గొలుసుల లిపిడ్ ఎ వచ్చి కూర్చున్నప్పుడు ఐదు గొలుసులు గుంతలో ఇమిడి, ఒకటి బయటికి పొడుచుకు వస్తుంది. ఆ పొడుచుకు వచ్చిన గొలుసే రెండో గ్రాహకాన్ని పట్టి జతచేస్తుంది, హెచ్చరిక మోగుతుంది. నాలుగే గొలుసులుంటే అన్నీ లోపలికి దిగిపోతాయి. మనిషి గ్రాహకంలో జత కుదరదు.

ఇది కేవలం యాదృచ్ఛికమా, వ్యాధికి నిజంగా పనికొచ్చే మార్పా? 2006లో మాంట్‌మినీ తదితరులు సూటిగా పరీక్షించారు. ఈ. కోలై నుంచి ఎల్‌పీఎక్స్-ఎల్ జన్యువును తెచ్చి ప్లేగు బాక్టీరియాలో పెట్టారు. ఇప్పుడది 37 డిగ్రీల దగ్గర కూడా ఆరు గొలుసుల అణువునే చేస్తుంది. ఆ బాక్టీరియాను చర్మం కింద ఎక్కించిన మామూలు ఎలుకలు బతికాయి. టీఎల్‌ఆర్-4 లేని ఎలుకలు మాత్రం చనిపోయాయి. బాక్టీరియా బలహీనపడలేదు, పట్టుబడింది అనడానికి ఈ రెండో ఫలితమే అసలు సాక్ష్యం.

రెండు వివరణలూ ఢీకొనే చోటు

చిక్కదనం సూత్రాన్ని ఇక్కడ యథాతథంగా వాడితే చిత్రమైన చోట తేలతాం. వేడిలో పొర పలచబడుతుంది కనుక బాక్టీరియా దాన్ని ఇంకా బిగించుకోవాలి. ప్లేగు బాక్టీరియా చేస్తున్నది గొలుసులను తగ్గించడం. ఈ. కోలై ఐదో గొలుసు లేక 33 డిగ్రీలు దాటలేకపోతుంటే, ఇది రెండు గొలుసులు తక్కువతో 37 దగ్గర నిక్షేపంగా పెరుగుతోంది. కాబట్టి ఇది చిక్కదనం కోసం కాదు, కేవలం దాక్కోవడం కోసమేనని ఒక వర్గం అంటుంది.

మరో వర్గం వాదన కూడా తీసిపారేయదగ్గది కాదు. వేడెక్కినప్పుడు పోయే రెండు గొలుసుల్లో ఒకటి వంపున్న పామిటోలీక్. వంపు గొలుసు పోవడం చిక్కదనం సూత్రానికి అనుకూలమే. పైగా ప్లేగు బాక్టీరియా ఏ జాతి నుంచి పుట్టిందో ఆ యెర్సీనియా సూడోట్యూబర్‌క్యులోసిస్ కూడా, వేడిలో గొలుసులు తగ్గించుకుంటుంది. అది ప్రధానంగా పేగుల వ్యాధిని కలిగించే జీవి. అంటే ఈ గుణం ప్లేగు కోసం పుట్టలేదు, వారసత్వంగా వచ్చింది. ప్లేగు బాక్టీరియా చేసుకున్న మార్పు వేరు. తయారైన లిపిడ్ ఎకు మరో గొలుసు తగిలించగల ప్యాగ్-పి అనే ఎంజైమును అది పోగొట్టుకుంది.

నా మటుకు ఈ వివాదంలో పుట్టుకనూ ప్రయోజనాన్నీ వేరుచేస్తే సగం తగవు తీరుతుందనిపిస్తుంది. మార్పు ఏ కారణంతో మొదలైనా, ప్లేగు విషయంలో అది దాక్కోవడానికి పనికొస్తోందని 2006 ప్రయోగం తేల్చింది. అది దాక్కోవడానికే పుట్టిందని మాత్రం ఆ ప్రయోగం చెప్పలేదు.

ఫ్రాన్సిసెల్లా అనే మరో వ్యాధికారక బాక్టీరియా పూర్తిగా వేరే దారి పట్టింది. దాని లిపిడ్ ఎలో గొలుసుల సంఖ్య మారదు, పొడవు మారుతుంది. దానికి ఒకే పని చేసే రెండు ఎంజైములున్నాయి. 37 డిగ్రీల దగ్గర ఒకటి 18 కార్బన్ల గొలుసును చేరిస్తే, చల్లని చోట రెండోది 16 కార్బన్ల గొలుసును చేరుస్తుంది. వేడిలో పొడవు, చలిలో పొట్టి. చిక్కదనం సూత్రం కోరేది సరిగ్గా ఇదే. వేడి ఎంజైము లేని రకం ఎలుకల్లో వ్యాధి కలిగించలేకపోయింది. ఫ్రాన్సిసెల్లా లిపిడ్ ఎను టీఎల్‌ఆర్-4 ఎలాగూ సరిగా గుర్తించదు. కనుక ఇక్కడ ఓటమికి కారణం వేషం బయటపడటం కంటే గోడ బలహీనపడటమే అనుకోవడం సమంజసం. ప్లేగుకు చెప్పిన వివరణను దీనికి అతికిస్తే తప్పుదారి పడతాం.

చిక్కదనం సూత్రం మీద కూడా లోపలి నుంచే ప్రశ్నలున్నాయి. బాక్టీరియా కాపాడుకునేది ఒక నిర్దిష్ట చిక్కదనాన్ని కాదు, పొర గడ్డకట్టే స్థితి నుంచి దూరంగా ఉండటాన్ని మాత్రమే అని కొందరి వాదన. కొవ్వు కూర్పును గణనీయంగా మార్చినా కొన్ని జీవులు మామూలుగానే పెరగడం వీరికి బలం. 2018లో బుడిన్ తదితరులు ఈ. కోలైలో అసంతృప్త కొవ్వుల వాటాను కోరినట్టు మార్చగలిగే రకాలను తయారుచేసి, పొర మరీ చిక్కబడితే శ్వాసక్రియకు కావలసిన అణువులు అందులో నెమ్మదిగా కదిలి పెరుగుదల మందగిస్తుందని చూపించారు. ఇది చిక్కదనం సూత్రానికి ఊతం. అయితే అది లోపలి పొర సంగతి. బయటి పొరలో శ్వాసక్రియ జరగదు. అక్కడ ఏ చిక్కదనం ఎందుకు కావాలన్నదానికి ఆ జవాబు సరిపోదు.

ఎలుక చెప్పేది మనిషికి ఎంతవరకు?

నాలుగు గొలుసుల లిపిడ్ ఎ మనిషి గ్రాహకాన్ని మేల్కొల్పదు సరికదా, ఆరు గొలుసుల అణువు కూర్చోవలసిన చోటును ఆక్రమించి అడ్డుకుంటుంది. ఎలుక గ్రాహకాన్ని మాత్రం అదే అణువు కొంతవరకు మేల్కొల్పుతుంది. కాబట్టి ఎలుకల్లో కనిపించిన దాగుడుతనం మనిషిలో ఇంకా ఎక్కువగా ఉండే అవకాశముంది. ఎలుక కణాల మీద చేసిన పరీక్షకూ మనిషి కణాల మీద చేసిన పరీక్షకూ పొంతన కుదరకపోతే, అది తప్పు ప్రయోగం వల్లే కానక్కరలేదు.

ఉష్ణోగ్రత ప్రభావం గొలుసులతో ఆగదు. యెర్సీనియా ఎంటరోకోలిటికాలో ఓ-యాంటిజెన్ తోక చల్లని చోట దండిగా, 37 దగ్గర తక్కువగా తయారవుతుంది. ఈ. కోలైలో వేడి పెరిగితే బయటి పొర రంధ్రాల్లో పెద్దదైన ఆంప్-ఎఫ్ తగ్గి, చిన్నదైన ఆంప్-సి పెరుగుతుంది. ప్లేగు బాక్టీరియా చల్లని చోట తన ఫాస్ఫేట్లకు అమైనో అరబినోజ్ అనే చక్కెరను ఎక్కువగా తగిలించి రుణావేశాన్ని తగ్గించుకుంటుంది. ఆ ఆవేశాన్ని పట్టుకునే పాలీమిక్సిన్ మందుకు అప్పుడది ఎక్కువ తట్టుకుంటుంది. ఒకే బాక్టీరియా ఒక మందుకు లొంగుతుందా లేదా అన్న జవాబు, దాన్ని ఎక్కడ పెంచారన్న వివరం లేకుండా సగం జవాబే.

పాత అణువులు ఏమవుతాయి?

21, 37 అని రెండు అంకెలు చెప్పుకుంటూ వచ్చాం. అవి ప్రయోగశాల ఎంచుకున్నవి. మధ్యలో మీట నొక్కినట్టు మారే గీత ఏదీ లేదు. నడిమి వేడిలో నాలుగు, ఐదు, ఆరు గొలుసుల అణువులు కలగలిసి ఉంటాయి. శరీరంలోనూ చర్మం వేడి వేరు, లోపలి అవయవాల వేడి వేరు.

ఇంకొక సంగతి కూడా ఉంది. కీటకం కాటుతో చల్లని చోటి నుంచి వెచ్చని శరీరంలోకి వచ్చిన ప్లేగు బాక్టీరియా ఆరు గొలుసుల పాత పొరనే మోసుకొస్తుంది. కొత్తగా తయారయ్యేవి మాత్రమే నాలుగు గొలుసులవి. పాతవి విడిపోకుండా, రాలిపోకుండా అలాగే ఉంటాయనుకుని లెక్క వేద్దాం. కణం ఒకసారి రెండయ్యేసరికి పాత అణువులు 50 శాతం, రెండోసారికి 25, మూడోసారికి 12.5, ఐదోసారికి సుమారు 3 శాతం. టీఎల్‌ఆర్-4 ఆరు గొలుసుల అణువును అతి తక్కువ మోతాదులో కూడా పసిగట్టగలదు. ఆ లెక్కన దాగుడుమూతలు పూర్తిగా మొదలయ్యేది కాటు పడిన క్షణాన కాదు, కొన్ని తరాల తర్వాత. ఆలోగా అక్కడికి చేరిన రోగనిరోధక కణాలను నిలువరించడానికి ఈ బాక్టీరియా తన ఇతర ఆయుధాలను వాడుకోవాల్సిందే. వాటిలో ముఖ్యమైనవి, కణాల్లోకి ప్రొటీన్లను సూదిలా గుచ్చి పంపే యంత్రాంగంతో సహా, 37 డిగ్రీల వెచ్చదనం తగిలాకే తయారవడం మొదలవుతాయి.